జాగోర్క కొట్టించిన పోప్లార్లు

నోవీ సాద్ నగరంలో సిటీ బస్సు నడిపిన ఆడవాళ్ళలో జాగోర్క అంత గొంతు ఇంకెవరికీ ఉండేది కాదు. అద్దంలోంచి ఆవిడ ఒక్కసారి వెనక్కి చూసిందంటే, ఆఖరి సీట్లో సిగరెట్టు వెలిగించబోయిన మొనగాడు కూడా అగ్గిపెట్టె జేబులో పెట్టేసుకునేవాడు. అలాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం ప్రయాణికుల మాట వినేది. ఆగస్టు ఎండలకి బస్సు కుంపటైపోయినప్పుడు ఎవరో ఉక్కపోత భరించలేక రెండు వైపులా కిటికీలు తెరిచేవారు. ఆ మరుక్షణం ముసలమ్మలందరూ ఏకమై ప్రొమాయ, ప్రొమాయ అంటూ గగ్గోలు పెట్టేవారు. జాగోర్క బస్సాపి, లేచి వచ్చి, ఒక వైపు కిటికీలన్నీ దగ్గరుండి మూయించేది. ఎదురెదురు కిటికీల మధ్య దూసుకుపోయే గాలినే మా వాళ్ళు ప్రొమాయ అంటారు. అది మెడ పట్టేస్తుందని, మూతి వంకర చేస్తుందని, ఏకంగా మనిషినే తీసుకుపోతుందని మాకు ఉగ్గుపాలతో నేర్పుతారు. ఉక్కపోతకి సొమ్మసిల్లినవాళ్ళ ఊసు ఎవరూ ఎత్తరు గాని, ప్రొమాయ తగిలి పోయినవాళ్ళ కథ ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది.

జాగోర్క ఇంట్లోనూ ఉంది. ఆవిడ భర్త తిహోమిర్ డాన్యూబ్ నదిలో ఇసుక తోడే ఓడ మీద మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. పెద్ద మాటకారి కాదు, ఎవరి జోలికీ పోడు. ఆ ఇంట్లో మాటల వాటా అంతా పెళ్ళామే వాడేసుకునేది. ఒక జూలై మధ్యాహ్నం బజారు నుంచి పుచ్చకాయ మోసుకుని నాలుగంతస్తులు ఎక్కి వచ్చి, చెమటలు కారుతున్న ఒంటితో వంటింటి కిటికీకీ బాల్కనీ తలుపుకీ మధ్య కూలబడ్డాడు. అలిసిపోయి వచ్చాడు కదా అని జాగోర్కే ఆ తలుపు బార్లా తెరిచింది. మర్నాడు పొద్దుటికి అతని కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. రక్తపోటు అన్నారు డాక్టర్లు, ఉప్పు అన్నారు, సిగరెట్లు అన్నారు. జాగోర్క అన్నిటికీ తలూపింది, ఒక్కటీ నమ్మలేదు. తలుపు తెరిచింది తనే కదా.

అప్పట్నుంచి ఆ ఇంట్లో రెండు కిటికీలు ఒక్కసారి తెరుచుకుంటే ఒట్టు.

మా భవనాలు కట్టిన రోజుల్లో నాలుగంతస్తులకి లిఫ్టెందుకు అనుకున్నారు. వాటిలో దిగినవాళ్ళంతా పడుచువాళ్ళు, మెట్లు పరుగెత్తి ఎక్కేవాళ్ళు. మంచం పట్టిన మనిషికి మాత్రం నాలుగో అంతస్తంటే కిందికి దారి లేని చోటే. తిహోమిర్‌ని ఎప్పుడో ఒకసారి ఆసుపత్రివాళ్ళు వచ్చి స్ట్రెచర్ మీద దించేవారు, మళ్ళీ తెచ్చి మంచం మీద పడేసేవారు. మిగతా రోజులన్నీ అతనికి లోకమంటే మంచానికి ఎదురుగా ఉన్న పడమటి కిటికీ. ఆ కిటికీ నిండా పోప్లార్ చెట్ల ఆకులు.

మా పేట ఒకప్పుడు చిత్తడి నేల. నదిలోంచి ఇసుక తోడి పోసి, మెరక చేసి ఇళ్ళు కట్టారు. చేరిన కొత్తల్లో ఒక ఆదివారం అందరం పారలు పట్టుకుని, నీళ్ళు బాగా తాగే చెట్లని ఏరి మరీ నాటాం. అడుగున ఆ చెమ్మ ఉంటే పోప్లార్‌కి ఇంకేం కావాలి. మా పిల్లలకి మీసాలొచ్చేలోపలే అవి కప్పు దాటిపోయాయి. గాలి ఆడని రోజున కూడా వాటి ఆకు ఊరుకోదు, ఏదో గుసగుసలాడుతూనే ఉంటుంది. తిహోమిర్ పొద్దుటినుంచి సాయంత్రం దాకా అదే చూసేవాడు. "నీకు టీవీ కొనడం దండగయ్యా," అని జాగోర్క నవ్వేది. అతను ఎడమచెయ్యి కొంచెం ఎత్తి, అడ్డు తప్పుకోమన్నట్టు ఆడించేవాడు.

మే నెల వస్తే మాత్రం పీడ మొదలయ్యేది. పోప్లార్ కాయలు పగిలి దూది ఎగిరేది. మెట్ల మీద దూది, సూపులో దూది, ఆరేసిన దుప్పట్ల మీద దూది. సరిగ్గా ఆ రోజుల్లోనే తిహోమిర్‌కి తుమ్ములు పట్టుకునేవి. ఊపిరి తిరగనివ్వని తుమ్ములు. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేవి. ఎడమచెయ్యి రుమాలు అందుకునేలోపల ముక్కు కారి గడ్డం మీదికి వచ్చేసేది. నది మధ్యలో ఇంజను విప్పి బిగించిన మనిషి, ముక్కు తుడవమని పెళ్ళాం వైపు చూసేవాడు. ఆ చూపు జాగోర్క తట్టుకోలేకపోయేది. లోపల్లోపల కుమిలిపోయేది. ఏడవడం చేతకాని మనుషులకి కోపం వస్తుంది కదా, ఆవిడకి చెట్ల మీద కోపం వచ్చింది.

ఆవిడే మా భవన సంఘానికి పెద్ద. ఆ పదవి ఎవరూ ఇవ్వలేదు, ఇంకెవరూ తీసుకునే ధైర్యం చెయ్యలేదు, అంతే. చెట్లు కొట్టించమని నగరం తోటల శాఖకి ఒక కాగితం రాయించి, గుమ్మం గుమ్మానికీ తిరిగింది. ఎవరి కారణం వాళ్ళకి దొరికింది. కింద మూడో అంతస్తులో ఉండే రాతోమిర్‌కి కారు మీద బంక పడుతోంది. ఇంకొకావిడకి వంటిల్లు చీకటిగా ఉంది. ఏ కారణమూ లేనివాళ్ళు జాగోర్క ముఖం చూసి సంతకం పెట్టారు. ముంగిలి రెండు భవనాలకీ ఉమ్మడి కాబట్టి, అవతలి భవనం ముందున్న లిండెన్ చెట్లని కూడా అదే కాగితంలో కలిపేసింది, పనిలో పని అని.

అవతలి భవనం కింది వాటాలో ఉండే వుకోసావ ఒక్కతే సంతకం పెట్టలేదు. ఆసుపత్రి చాకిరేవులో జన్మంతా దుప్పట్లు ఉతికి రిటైరైన విధవరాలు. ఇద్దరికీ గొడవ ముంగిట్లో, తివాచీలు దులిపే ఇనప కమ్మీ దగ్గర జరిగింది. రెండు భవనాల బాల్కనీల నిండా జనం.

"ఎందుకు పెట్టవు? ఒక్క కారణం చెప్పు," అంది జాగోర్క.

"ఇష్టం లేదు గనక," అంది వుకోసావ, తివాచీ మీద ఒక దెబ్బ వేసి.

"అక్కడ మనిషి ఊపిరాడక చస్తుంటే నీకు కట్టెల మీద ప్రేమ పుట్టుకొచ్చిందా? మంత్రగత్తెవి నువ్వు. ఆ నీడలో కూచుని కూచుని బూజు పట్టిపోయావు."

"పడితే నా గుమ్మంలో నేను పట్టాను. నీలా ఊరందరి తలుపులూ బాదుకుంటూ తిరగట్లేదుగా."

బాల్కనీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. జాగోర్క తలెత్తి చూసింది. నవ్వు ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. దారిలో ఎదురైతే ఒకరు రొట్టెల కొట్టు వైపు చూసేవారు, ఇంకొకరు చెత్తడబ్బా వైపు.

చలికాలం చివర తోటల శాఖవాళ్ళు వచ్చారు. అవతలివైపు అందరి ఒప్పుదలా లేదు గనక లిండెన్లు వదిలేశారు. ఇవతలి పోప్లార్ల వరస మొత్తం కొట్టేశారు. రంపాలు మోగడం మొదలవగానే జాగోర్క మంచం దగ్గరికి వచ్చి, "ఇవాళ్టితో నీ తుమ్ములకి సెలవు," అంది.

"వద్దు," అన్నాడు తిహోమిర్.

పక్షవాతం తర్వాత అతనికి తేలిగ్గా పలికే మాటలు నాలుగైదే మిగిలాయి. మిగతావి కూడదీసుకోవాలి. ఉన్న ఆ నాలుగు మాటలనీ అతను ఊరికే ఖర్చు పెట్టడు. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. తెలిసే, "నీ మంచికేనయ్యా," అని దిండు సర్ది, కిటికీ మూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఒక్కో చెట్టూ పడ్డప్పుడల్లా బీరువాలో కాఫీ కప్పులు చిన్నగా అదిరాయి.

వారం పది రోజులు అందరూ జాగోర్కని మెచ్చుకున్నారు. వంటిళ్ళల్లోకి ఎండొచ్చింది, పట్టపగలు దీపం అక్కర్లేదు, పోనీలే మహాతల్లి ఒక మంచి పని చేసింది అన్నారు. ఆ తర్వాత పెద్ద రోడ్డు మీది లారీల మోత మంచాల దాకా వచ్చింది. కిటికీ గట్టు మీద తుడిచిన గంటకే మళ్ళీ నల్లటి దుమ్ము. ఇన్నాళ్ళూ ఇవన్నీ ఎవరు ఆపారో ఎవరూ పైకి అనలేదు. తిహోమిర్ మాత్రం కిటికీ వైపు చూడ్డం మానేశాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. "కళ్ళలో ఎండ పడుతోందా?" అని జాగోర్క కర్టెను లాగేది.

మే నెల వచ్చింది. దూది లేదు. తుమ్ములు మాత్రం వచ్చాయి, నిరుటికన్నా ఎక్కువగా. చూడ్డానికొచ్చిన డాక్టరమ్మని జాగోర్క వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపేసింది.

"చెట్లు లేవు కదండీ. మరి ఇదెక్కడిది?"

"ఇది చెట్లది కాదమ్మా, గడ్డిది. గడ్డి పూతకొచ్చేదీ, పోప్లార్ దూది ఎగిరేదీ ఒకే రోజుల్లో. పుప్పొడి కంటికి ఆనదు, దూది కనబడుతుంది. అందుకని తిట్లన్నీ దూదికి పడతాయి." డాక్టరమ్మ కిటికీలోంచి కిందికి చూసింది. మొద్దుల చుట్టూ, ఎండ తగిలేసరికి, గడ్డీ పిచ్చిమొక్కలూ మోకాలెత్తు లేచి ఉన్నాయి. "చెట్లున్నప్పుడు దుమ్మూ ధూళీ కొంత వాటి ఆకులకే అంటుకునేది. ఇప్పుడు తిన్నగా పైకొస్తోంది."

జాగోర్క డాక్టరమ్మని మెట్లదాకా సాగనంపి, తిరిగి వచ్చి, సింకు దగ్గర కుళాయి తిప్పి చాలాసేపు నిలబడింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు తనకి తను చెప్పుకున్నట్టు అవుతుంది.

జూన్‌లో ఒక సాయంత్రం కుంభవృష్టి కురిసింది. అలాంటి వానలు ఇదివరకూ వచ్చాయి, ఆకుల మీద పడి, నెమ్మదిగా జారి, నేలలో ఇంకిపోయేవి. ఈసారి నీళ్ళు ముంగిలి మీద చెరువులా నిలబడి, నేలమాళిగ మెట్లు దిగి, అందరి కొట్లలోకీ దూరాయి. చలికాలం పోగా మిగిలిన మిరప పచ్చడి సీసాలు, ఊరగాయ క్యాబేజీ పీపాలు తేలాయి. అందరూ మోకాళ్ళ లోతు నీళ్ళలో బక్కెట్లు పట్టుకుని నిలబడ్డారు. రాతోమిర్ తడిసిన స్కీ బూట్లు చంకలో పెట్టుకుని, "మన చెట్లు తాగే నీళ్ళన్నీ ఇప్పుడు నా బూట్లు తాగుతున్నాయి," అన్నాడు.

"సంతకం పెట్టలేదూ నువ్వు?" అంది జాగోర్క.

"పెట్టకపోతే నువ్వు నా గుమ్మం వదిలేదానివా?"

ఎవరూ నవ్వలేదు. అది అంతకన్నా బాధించింది. సంతకం పెట్టినవాళ్ళంతా ఇప్పుడు జాగోర్క బలవంతాన పెట్టినవాళ్ళే. చెట్లు కొట్టింది ఊరు కాదు, ఆవిడ ఒక్కతే.

అసలు శిక్ష జూలైలో మొదలైంది. మా ఊరి ఎండలు మాకు కొత్త కాదు. నది ఉంది, రేవు ఉంది, పగలంతా నీళ్ళలో పడి సాయంత్రానికి ఇల్లు చేరతాం. కాలు కదపలేనివాడికి నది ఎంత దగ్గరుంటే ఏం లాభం. మధ్యాహ్నం దాటాక పడమటి ఎండ తిన్నగా కాంక్రీటు గోడకి తగిలేది. పొద్దు వాలేసరికి గోడ లోపలివైపు చెయ్యి పెడితే కాలేది. తెల్లారేలోపల ఆ వేడి పోదు, మళ్ళీ ఎండొస్తుంది. కింద రాతోమిర్ కొత్తగా ఏసీ పెట్టించుకున్నాడు. దాని పెట్టె ఊదే వేడిగాలి నేరుగా పై కిటికీలోకే. కిటికీ తెరిస్తే ఆ సెగ, మూస్తే ఉడుకు. మనమూ ఏసీ కొందామా అంటే, గోడకి ప్రొమాయని మేకు కొట్టి వేలాడదీసుకున్నట్టే అని ఆవిడ నమ్మకం. మొగుణ్ణి ఒకసారి పడగొట్టిన గాలిని మళ్ళీ తన చేతులతో ఇంట్లోకి తేలేదు.

తడిగుడ్డ పెట్టి ఒళ్ళు తుడిచేది. గుడ్డ తీసేలోపలే వెచ్చబడేది. తిహోమిర్ తిండి మానేశాడు. పెదాలు పగిలాయి. కళ్ళు మూసుకుని నోటితో ఊపిరి తీసుకుంటున్నాడు, ఒడ్డున పడేసిన చేపలా. ఆవిడ మంచం పక్కన కుర్చీలో కూచుని ఆ ఊపిరినే వింటూ ఉండేది. బయటికి వెళ్ళాలంటే భయం, లోపల ఉండాలంటే ఊపిరాడదు. నలభై ఏళ్ళుగా ఆవిడ తిరిగిన గదులే అవి. ఇప్పుడు గోడలు దగ్గరికి జరిగినట్టు అనిపించేది.

అంబులెన్సుకి ఫోను చేస్తే ఒక బక్కపల్చటి కుర్ర డాక్టరు చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చాడు. సెలైన్ పెట్టాడు. గోడ మీద అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేశాడు.

"ఇక్కడ ఉంచితే దక్కడమ్మా," అన్నాడు. "ఆసుపత్రిలో వరండాల్లో కూడా చోటు లేదు, అక్కడా ఇంతే వేడి. కాస్త చల్లటి చోటు ఎక్కడైనా లేదా? చుట్టాలిల్లు? కింది వాటా? నీడ ఉన్న ఇల్లు ఏదైనా?"

ఉంది. ముంగిలికి అవతల, లిండెన్ చెట్ల కింద. అది తప్ప ఇంకే ఇల్లైనా చెప్పమని జాగోర్క మనసులో ఊరంతా వెతికింది. బస్సులో తిరిగినట్టు స్టాపు స్టాపుకీ ఆగి, తనకి తెలిసిన తలుపులన్నీ తట్టింది. ఒకరిది అయిదో అంతస్తు, ఒకరిది రేకుల కప్పు, ఒకరు ఊళ్ళోనే లేరు. తిరిగి తిరిగి బస్సు వుకోసావ గుమ్మం ముందే ఆగింది.

మా వైపు ఒట్టి చేతులతో ఎవరింటికీ వెళ్ళరు. జాగోర్క అలమరలోంచి కాఫీ పొడి ప్యాకెట్టు తీసింది. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో మాత్రం తెలియలేదు. ముంగిలి దాటుతుంటే సిమెంటు సెగ చెప్పుల్లోంచి అరికాళ్ళకి తగిలింది. లిండెన్ల నీడలో అడుగు పెట్టగానే, ఎవరో భుజం మీద తడి తువ్వాలు వేసినట్టయింది. ఆవిడ అక్కడే ఆగిపోయింది. అన్నేళ్ళు తన వాకిట్లో కూడా ఇదే ఉండేది. ఒక్కనాడూ పట్టించుకోలేదు.

వుకోసావ గుమ్మం ముందు నేల మీద బక్కెట్టుతో నీళ్ళు చల్లుతోంది. జాగోర్కని చూసి బక్కెట్టు కింద పెట్టలేదు.

"ఏం, ఈసారి దేని మీద సంతకం?"

"సంతకం కాదక్కా. తిహోమిర్ గురించి."

"అక్కనెప్పుడయ్యానే నేను? మొన్నటిదాకా మంత్రగత్తెనేగా." చివరి నీళ్ళు కూడా చల్లేసి తలుపు వైపు నడిచింది. "చెప్పులు విప్పి రా. ఇప్పుడే తుడిచాను."

లోపల కూచోబెట్టి, పుల్ల చెర్రీల పాకం గిన్నె, చెంచా, గ్లాసుడు చన్నీళ్ళు ముందు పెట్టింది. ఎంత పగవాడొచ్చినా మా ఇళ్ళల్లో ముందు అదే పెడతారు. జాగోర్క చెంచా ముట్టకుండా మాట మొదలుపెట్టబోయింది.

"ముందు తీపి తిను. నీళ్ళు తాగు," అంది వుకోసావ. "ఇంటికొచ్చినదాని చేత ఒట్టినోటితో అడిగించుకుంటే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి నన్ను తంతుంది."

జాగోర్క తిన్నది. నీళ్ళు తాగింది. అప్పుడు మాట కన్నా ముందు కన్నీళ్ళు వచ్చాయి. బస్సు నడిపిన అన్నేళ్ళలో ఎవరి ముందూ రానివి. "చచ్చిపోతాడక్కా. పైన పొయ్యిలా ఉంది. నేనే చేశాను. నువ్వు చెప్పిందే నిజం, ఆ చెట్లు..."

"నేనేం చెప్పాను? నాకేం చెట్ల మీద మోజా?" వుకోసావ విసుక్కుంది. "శరత్కాలం వస్తే ఆ ఆకులు ఊడ్వలేక నడుం పడిపోతుంది. నువ్వొచ్చి తలుపు దబదబా బాది, ఇదిగో ఇక్కడ పెట్టు అన్నావు. నాకొళ్ళు మండింది. ఇంకెవరైనా వచ్చి, కాఫీ తాగి, మెల్లగా అడిగుంటే పెట్టేసేదాన్నేమో. ఈ లిండెన్లు కూడా పోయేవి."

ఇద్దరూ కిటికీ వైపు చూశారు. గదిలో ఆకుపచ్చటి వెలుగు.

"తెచ్చెయ్," అంది వుకోసావ చివరికి. "మా ఆయన గది ఖాళీగానే ఉంది. మంచం ఒక్కటే పడుతుంది, నువ్వు పగలు వచ్చి చేసుకుని పో."

రాతోమిర్, ఇంకో ముగ్గురు మగవాళ్ళు తిహోమిర్‌ని వంటింటి కుర్చీలో కూచోబెట్టి, దుప్పటితో కట్టి, మెట్లు దించారు. ఒక్కో మలుపులో కుర్చీ గోడకి తగిలేది. "నదిలోంచి ఇసుకంతా నువ్వే జేబుల్లో పెట్టుకున్నావా ఏంటి బాబాయ్, ఇంత బరువున్నావు," అని రాతోమిర్ రొప్పుతూ అన్నాడు. ముంగిట్లో మొద్దుల దగ్గరికి రాగానే తిహోమిర్ ఎడమచెయ్యి ఎత్తాడు. కుర్చీ దించారు. అతను ఆ వరసని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు. జాగోర్క పక్కనే నిలబడి ఒక తిట్టు కోసం ఎదురు చూసింది. తిడితే బాగుండును అనుకుంది. అతను ఆవిడ వైపు చూడలేదు. పదండి అన్నట్టు చెయ్యి ఆడించాడు.

వుకోసావ ఇంట్లో ముంగిలి వైపు కిటికీ తెరిచి ఉంది, వీధి వైపు కిటికీ తెరిచి ఉంది. చెట్ల కిందినుంచి వచ్చిన గాలి, తడి నేల వాసనతో, మంచం మీదుగా దూసుకుపోతోంది. జాగోర్క ఒక్క అంగలో వీధి కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్క పట్టుకుంది.

"ఉండనీ," అన్నాడు తిహోమిర్.

"ప్రొమాయ తగులుతుందయ్యా..."

"ఉండనీ."

"నా ఇల్లంతా ప్రొమాయేనే," అంది వుకోసావ. "నలభై ఏళ్ళుగా ఇలాగే ఉంది. నా మూతి వంకరగా ఉందంటే అది పుట్టుకతో వచ్చింది."

తిహోమిర్ మూతి కూడా ఒకవైపుకి సాగింది. నవ్వుతున్నాడని తెలియడానికి జాగోర్కకి కొంచెంసేపు పట్టింది. కిటికీ రెక్క మీద చెయ్యి అలాగే ఉంచి, ఇప్పుడు అతనికి ఏమవుతుందో అని నిలబడి చూసింది. ఏమీ కాలేదు. అతని నుదుటి మీది చెమట ఆరిపోయింది. కళ్ళు మూతలు పడ్డాయి. నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ నిద్రపోయాడు. అన్నేళ్ళు తను మూసిన కిటికీలన్నీ కళ్ళ ముందు కదిలాయి. బస్సులోవి, ఇంట్లోవి. ఆవిడ మెల్లగా చెయ్యి తీసేసింది.

ఎండలు చాలా రోజులు అలాగే కాశాయి. జాగోర్క పొద్దున్నే సూపు గిన్నె పట్టుకుని ముంగిలి దాటేది, సాయంత్రం ఖాళీ గిన్నెతో తిరిగి దాటేది. తిహోమిర్ తిన్నాడు. కొంచెం ఒళ్ళు చేశాడు. రోజంతా కిటికీలో లిండెన్ ఆకులు చూసేవాడు. కాకులు కాట్లాడుకుంటే వుకోసావని పిలిచి చూపించేవాడు. జాగోర్కకి సంతోషంగానే ఉండేది, అది నిజం. కాని ఆ గదిలో ఆవిడ ఎవరింటికో వచ్చిన మనిషి. దిండు ఎక్కడుందో అడగాలి, కుళాయి తిప్పాలంటే అడగాలి. గొంతు తగ్గించి మాట్లాడాలి. ఒకరి దయ మీద బతకడం ఆవిడకి చేతకాని పని. కక్కలేక మింగలేక రోజులు గడిపింది.

చివరికి ఒక మధ్యాహ్నం ఉరుములు మొదలై, వాన పడి, వేడి విరిగింది. మర్నాడు జాగోర్క ఇస్త్రీ చేసిన చొక్కా తెచ్చింది. రాతోమిర్ వాళ్ళకి సాయంత్రం రమ్మని చెప్పి మరీ వచ్చింది.

"చల్లబడిందయ్యా. ఇంటికి పోదాం," అంది.

"రాను," అన్నాడు తిహోమిర్.

"అదేంటి? మన ఇంటికేగా. మన మంచం, మన గది."

అతను మాటలు కూడదీసుకున్నాడు. ఒక్కోటీ ఇంజను భాగంలా ఏరుకుని బిగించాడు. "అక్కడ... చూడ్డానికి... ఏముంది?"

"నేను లేనూ?" అందామనుకుంది జాగోర్క. అనలేదు. అతను ఎడమచేత్తో ఆవిడ చెయ్యి తడిమి పట్టుకున్నాడు. ప్రేమ లేక కాదు. ఆ పట్టులో ప్రేమ ఉంది. కాని కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి.

వుకోసావ గుమ్మంలో నిలబడి ఏప్రాను అంచుకి చేతులు తుడుచుకుంటోంది. ఈసారి ఎత్తిపొడుపు లేదు. "ఉండనీవే. ఆకు రాలేదాకా ఉండనీ. తర్వాత చూద్దాం. నీకు తాళంచెవి ఇస్తాలే, వచ్చిపోతూ ఉండు."

జాగోర్క చొక్కాని మళ్ళీ మడిచి సంచిలో పెట్టుకుంది. ముంగిట్లో రాతోమిర్ ఎదురొచ్చాడు. "ఏం పిన్నీ, కుర్చీ ఎప్పుడు తేవాలి?"

"అక్కర్లేదు. నువ్వెళ్ళు."

నాలుగంతస్తులూ ఎక్కి, తలుపు తీసి, తిహోమిర్ మంచం మీద, అతను కూచునేచోట కూచుంది. కిటికీ తెరిచే ఉంది. వంటింటి కిటికీ కూడా తెరిచే ఉంది. మూయడానికి లేవలేదు. ఇదివరకు ఈ కిటికీలోంచి ఆకులు తప్ప ఏమీ కనబడేది కాదు. ఇప్పుడు అవతలి భవనం పక్కగా ఊరంతా కనబడుతోంది. పెద్ద రోడ్డు, కప్పుల మీద ఏంటెన్నాలు, వాటి వెనక డాన్యూబ్, నది మీద వంతెన, అవతలి గట్టున కొండలు. సాయంత్రం వెలుగులో అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆవిడకి వాటితో పని లేదు. వుకోసావ కిటికీ కోసం వెతికింది. గోడ తెలిసింది, గుమ్మం తెలిసింది. కిటికీ మాత్రం లిండెన్ గుబురు చాటున పడిపోయింది. అటు ఒరిగి చూసింది, ఇటు ఒరిగి చూసింది. లేచి నిలబడి చూసింది. సరిగ్గా ఒక్క కొమ్మ అడ్డం, కిందికి వంగి, నిండా ఆకులతో.

"ఆ ఒక్క కొమ్మ కొట్టించేస్తే కనబడతాడు," అంది పైకే.

అనేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంట్లో ఆ మాట విన్నవాళ్ళెవరూ లేరు.